అనంతగిరి ట్రయల్‌కి వేళ్ల బూట్లు తీసుకుందామనుకుంటున్నా, ఎవరైనా వాడారా?

మొరందారి (సెప్టెంబర్ 8, రాత్రి 10:42)

అందరికీ నమస్తే. మూడేళ్లుగా రోడ్డు మీద పరిగెడుతున్నా, హాఫ్ మారథాన్ 2:10లో అవుతుంది. ఈ మధ్య రోడ్డు బోర్ కొట్టి ఆదివారాలు హెచ్‌సీయూ వెనక రాళ్లల్లో, నెలకోసారి వికారాబాద్ వెళ్లి అనంతగిరిలో పరిగెత్తడం మొదలుపెట్టా. నవంబర్ మూడో వారంలో అక్కడే ఒక 21 కిలోమీటర్ల ట్రయల్ రన్‌కి (కొండ, మట్టి దారుల్లో పరుగు) పేరిచ్చా.

సమస్య ఏంటంటే నా పాదాలు ముందువైపు బాగా వెడల్పు. ఏడో తరగతి దాకా ఊళ్లో చెప్పుల్లేకుండానే తిరిగా, వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మామూలు రన్నింగ్ షూస్‌లో దిగుడు వచ్చిందంటే వేళ్లన్నీ ముందుకెళ్లి గుద్దుకుంటాయి, ఇప్పటికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఊడిపోయాయి. అందుకని ప్రతి వేలికీ విడిగా గూడు ఉండే విబ్రమ్ ఫైవ్ ఫింగర్స్ బూట్లు చూస్తున్నా. వీ-ట్రయల్, కేఎస్ఓ ఎవో, పాత స్పిరిడాన్, ఈ మూడింట్లో ఏది? బావమరిది అక్టోబర్ రెండో వారంలో డాలస్ నుంచి వస్తున్నాడు, తెమ్మంటే తెస్తాడు. సైజు ఎలా చూసుకోవాలి, సాక్స్ కావాలా, ముళ్ల సంగతేంటి, ఏది తెలిసినా చెప్పండి.

మా ఆవిడ ఫోటో చూసి "కోతి కాళ్లలా ఉన్నాయి, నాతో బయటికి వచ్చేటప్పుడు మాత్రం వేసుకోకు" అంది.

---

లంబసింగి_చలి (సెప్టెంబర్ 8, రాత్రి 11:05)

కోతి కాళ్లు అనే మాట ఈ బూట్లతో పాటు పెట్టెలోనే వస్తుంది బ్రో, మా ఇంట్లో కూడా అదే 😀

కేఎస్ఓ వద్దు. కేఎస్ఓ అంటే కీప్ స్టఫ్ అవుట్, లోపలికి చెత్త రాకుండా పైన కప్పి ఉంటుందని ఆ పేరు, అంతేగానీ కింద నుంచి ముల్లు రాదని కాదు. జిమ్‌కి, పార్కుకి బాగుంటుంది. నువ్వు చెప్పిన మూడింట్లో మట్టి దారికని చేసినవి స్పిరిడాన్, వీ-ట్రయల్. స్పిరిడాన్ పాతది కాబట్టి వీ-ట్రయల్ తీసుకో, సోల్ మెగాగ్రిప్ రబ్బరు, లోపల రాళ్లు గుచ్చుకోకుండా జాలీ లాంటి పొర ఉంటుంది.

---

రాతిగుండు (సెప్టెంబర్ 9, ఉదయం 6:20)

నేను ఐదేళ్లుగా వేళ్ల బూట్లలోనే పరిగెడుతున్నా, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపికుంటే చదువు.

ఆ జాలీ పొర గురించి లంబసింగి చెప్పింది నిజమే కానీ అది చేసేదేంటో అర్థం చేసుకోవాలి. కంకర రాయి మీద కాలు పడితే ఆ మొన ఒక్క చోటే గుచ్చుకోకుండా కాస్త చుట్టూ సర్దుతుంది, అంతే. రాయి తెలుస్తుంది. ఏ రాయి గుండ్రం, ఏది పలక, ఏది కదులుతుంది అన్నది అరికాలికి తెలుస్తూనే ఉంటుంది. ఈ బూట్ల మజా అదే, కష్టమూ అదే. మొదటి నెల నేను దారి తప్ప ఇంకేం చూడలేదు, పక్కన నెమలి ఎగిరినా తల ఎత్తలేదు.

ఇక ముళ్లు. పల్లేరు కాయలు సోల్‌కి అతుక్కుంటాయి, చాలావరకు లోపలికి రావు, ఆగి పీకేసుకుంటే సరి. కానీ సర్కారు తుమ్మ ముల్లుకి ఏ పల్చటి సోలూ అడ్డం కాదు. అది ఎండి దారి మీద పడి, మొన పైకి ఉన్నప్పుడు నీ బరువంతా దాని మీద వేశావనుకో, ఏ కంపెనీ అయినా ఒకటే. మా వైపు చెరువు కట్ట మీద ఒకసారి మధ్య వేలి కింద దిగి లోపలే విరిగింది, రెండు కిలోమీటర్లు కుంటుకుంటూ వచ్చి ఇంట్లో పిన్నీసుతో తీయించుకున్నా. అనంతగిరి అడవి లోపల సర్కారు తుమ్మ తక్కువే, ఊళ్ల దగ్గర పొలం గట్ల పక్క నుంచి రూట్ పోతే మాత్రం జాగ్రత్త. ముందు రూట్ మ్యాప్ అడుగు.

వానలు ఆగాక అక్కడి ఎర్రమట్టి దారి నున్నగా, మెత్తగా ఉంటుంది, ఆ భాగం ఈ బూట్లకి స్వర్గం. మొరం తేలిన దిగుళ్లు నరకం.

---

కాలిపిక్క (సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 1:15)

ఫిజియోథెరపిస్ట్‌ని. మొరందారి గారూ, ఏ మోడల్ అన్నది తర్వాత, ముందు తేదీలు లెక్కపెట్టండి. రన్‌కి పది వారాలుంది. మీ బావమరిది వచ్చేసరికే ఐదు వారాలు పోతాయి. మిగిలిన ఐదు వారాల్లో కొత్త బూట్లతో 21 కిలోమీటర్ల కొండ దారికి సిద్ధం కావాలనుకుంటున్నారు. కుదరదు.

ఎందుకో చెప్తాను. మామూలు రన్నింగ్ షూలో మడమ ముందు భాగం కంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది. మూడేళ్లుగా మీ పిక్కలూ మడమ వెనక నరమూ ఆ ఎత్తుకి అలవాటుపడి ఉన్నాయి. వేళ్ల బూట్లలో ఆ తేడా సున్నా. పైగా మడమ కింద మెత్తదనం లేదు కాబట్టి కాలు తనంతట తనే ముందు భాగం మీద పడటం మొదలుపెడుతుంది, అప్పుడు ఆ బరువంతా పిక్క మీదికీ, పాదం మధ్యలో ఉన్న సన్నటి ఎముకల మీదికీ వెళ్తుంది. కండరం రెండు మూడు వారాల్లో నొప్పి చెప్పి సర్దుకుంటుంది. ఎముక అలా కాదు, అది నెలలు తీసుకుంటుంది, పైగా మొదట్లో ఏమీ చెప్పదు.

అమెరికాలో బ్రిగం యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2013లో దీని మీద ఒక అధ్యయనం వేశారు. 36 మంది అలవాటున్న రన్నర్లను తీసుకుని, అందులో 19 మందికి ఇవే ఫైవ్ ఫింగర్స్ ఇచ్చి, మెల్లగా పెంచుకోమని చెప్పి, పది వారాల ముందూ తర్వాతా పాదాలకి ఎమ్మారై తీశారు. ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. అదీ మెల్లగా పెంచుకుంటేనే, మీకున్న పూర్తి పది వారాల్లో.

బూట్లు చెడ్డవని అనడం లేదు, నా పేషెంట్లలో వీటితో హాయిగా ఉన్నవాళ్లున్నారు. ఈ రన్‌కి మాత్రం కాదు.

---

పాతకాపు (సెప్టెంబర్ 9, సాయంత్రం 7:48)

ఎమ్మారైలూ అధ్యయనాలూ పక్కన పెట్టండి మేడం. మా తాత జీవితంలో బూటు వేయలేదు, డెబ్బై ఏళ్లప్పుడు కూడా బస్తా భుజాన వేసుకుని గట్టు మీద నడిచేవాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు వట్టి కాళ్లతో ఎక్కేవాళ్లు రోజూ ఎంతమంది? సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండానే చేస్తారు జనం. 1960లో అబెబె బికిలా రోమ్ ఒలింపిక్స్ మారథాన్ వట్టి కాళ్లతో పరిగెత్తి బంగారు పతకం కొట్టాడు. ఈ విబ్రమ్ వాళ్లే ఆయన పేరుతో ఒక మోడల్ అమ్ముకున్నారు.

మనకి మెత్తటి బూట్లు అలవాటు చేసి కాళ్లు పాడు చేశారు, ఇప్పుడు వట్టి కాళ్లని కూడా డబ్బులకి అమ్ముతున్నారు.

---

కాలిపిక్క (సెప్టెంబర్ 9, రాత్రి 9:02)

చివరి వాక్యానికి నవ్వొచ్చింది, ఒప్పుకుంటున్నాను. కానీ బికిలా గురించి సగమే చెప్పారు. ఆయనే 1964 టోక్యోలో బూట్లు వేసుకుని పరిగెత్తాడు, మళ్లీ గెలిచాడు, అది కూడా రోమ్ కంటే మూడు నిమిషాలు తక్కువ టైమ్‌లో. మీ తాతగారు పుట్టినప్పటి నుంచీ వట్టి కాళ్లతో నడిచారు, రోజంతా కుర్చీలో కూర్చుని ముప్పై నాలుగో ఏట మొదలుపెట్టలేదు. ఇక గిరి ప్రదక్షిణ మర్నాడు ఏ క్లినిక్‌కైనా వెళ్లి చూడండి.

---

లంబసింగి_చలి (సెప్టెంబర్ 9, రాత్రి 9:10)

గిరి ప్రదక్షిణ మర్నాడు నేను మెట్లు వెనక్కి తిరిగి దిగా. సాక్ష్యం చెప్పడానికి రెడీ.

---

మెట్టెల_రన్నర్ (సెప్టెంబర్ 10, ఉదయం 9:33)

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి. ఇక్కడ మిషన్ పీక్ అని ఒక కొండ ఉంది, శనివారం పొద్దున వెళ్తే సగం మంది తెలుగు మాట్లాడుతూ ఎక్కుతుంటారు, అక్కడ నేను రెండేళ్లుగా వీ-ట్రయల్ వాడుతున్నా.

ఆడవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, ఏ రివ్యూలోనూ రాయని విషయం ఒకటి చెప్తాను: మెట్టెలు. ఈ బూట్లలో ప్రతి వేలికీ విడిగా ఒక గూడు ఉంటుంది, అది వేలికి అతుక్కుని ఉండాలి, వదులుగా ఉంటే పనికిరాదు. రెండో వేలికి మెట్టె ఉంటే వేలు సగం దాకా వెళ్లి ఆగుతుంది. బలవంతంగా తోస్తే మెట్టె కాస్తా వేలి కణుపు మీదికి జరుగుతుంది. మొదటిసారి అలాగే వేసుకుని ఐదు కిలోమీటర్లు ఎక్కి దిగా, విప్పి చూస్తే బొటనవేలు లోపలి పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ, మెట్టె అంచు ఎక్కడ ఒరుసుకుందో గీత గీసినట్టు కనిపించింది.

తీసేసి పరిగెత్తితే మా అత్తగారికి టెన్షన్. చివరికి ఒప్పందం ఏంటంటే, పరిగెత్తేటప్పుడు చుట్టు మెట్టెలు తీసి బెల్ట్ జేబులో తాళాలతో పాటు వేసుకుంటా, పార్కింగ్‌కి రాగానే తొడుక్కుంటా. ఒకసారి మర్చిపోయి ఇంటికొచ్చేశా. ఆవిడ ముందు చూసింది నా కాళ్ల వైపే.

పాదం గురించి: నాకు అలవాటు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు నడకే. కాలిపిక్క గారు చెప్పింది వినండి.

---

మొరందారి (సెప్టెంబర్ 10, రాత్రి 10:15)

ఇంత మంది రాస్తారనుకోలేదు, థాంక్స్. కాలిపిక్క గారూ, పది వారాల లెక్క చూసి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. సరే, ఈ రన్‌కి వద్దు. కానీ బావమరిది మళ్లీ రెండేళ్లకి గానీ రాడు, కాబట్టి ఎలాగైనా తెప్పించుకుని మెల్లగా అలవాటు చేసుకుంటా. రన్‌కి వేరే దారి చెప్పండి.

సైజు దగ్గర ఆగిపోయా. గోడకి మడమ ఆనించి కొలిచా. ఎడమ పాదం 26.1, కుడి 26.4 సెంటీమీటర్లు. పైగా నాకు బొటనవేలి కంటే పక్క వేలు పొడవు. మా అమ్మ అనేది, ఆడపిల్లకి అలా ఉంటే మొగుడిని ఏలుతుందని. నాకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, మా ఆవిడని అడగాలి.

---

రాతిగుండు (సెప్టెంబర్ 11, ఉదయం 6:05)

కొలిచేటప్పుడు నిలబడి కొలిచావా, కూర్చునా? నిలబడి, బరువు వేసి, సాయంత్రం పూట కొలువు, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. మడమ నుంచి అన్నింటికంటే పొడవైన వేలు దాకా, అది రెండో వేలైతే రెండో వేలు దాకా. పెద్ద పాదం కొలతే తీసుకో. తర్వాత కంపెనీ సైజు పట్టికలో ఆ సెంటీమీటర్లు చూడు, మామూలు షూ సైజు చూసి ఆర్డర్ పెట్టకు, ఇక్కడే సగం మంది డబ్బు పోగొట్టుకుంటారు.

రెండో వేలు పొడవు ఉన్నవాళ్లకి ఒక చిక్కుంది. ఆ వేలి గూడు చివర గుడ్డకి వేలు తగిలితే దిగుడులో మళ్లీ అదే గోరు కథ. తొడుక్కుని నిలబడినప్పుడు వేలి కొనకీ గూడు కొసకీ మధ్య ఒక చిన్న సందు తెలియాలి. మరీ ఎక్కువైతే ఆ ఖాళీ కొస దారిలో వేరుకి తట్టుకుని మడత పడుతుంది.

తొడుక్కోవడం మొదటిసారి పెద్ద ప్రహసనం. నిలబడి తోస్తే చిటికెన వేలు పక్క వేలి గూట్లో దూరుతుంది, రెండు వేళ్లు ఒకే గదిలో. కూర్చుని, మడమ కింద పెట్టకుండా, ముందు బొటనవేలు, తర్వాత ఒక్కోటీ, చిటికెన వేలు చేత్తో పట్టుకుని పెట్టాలి. మొదటి రోజు నాకు పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఇరవై సెకన్లు.

---

డిస్కౌంట్_బాధితుడు (సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 12:40)

ఒక్క మాట. "80 శాతం తగ్గింపు" అని కనపడిన సైట్‌లో కొనకండి. నేను ఒకటి కొన్నా, పేరు అనవసరం. పార్సిల్ నెలన్నరకి వచ్చింది. రెండు బూట్లూ కుడి కాలివే. ఐదేసి వేళ్లున్న బూట్లు కాబట్టి ఎలాగోలా సర్దుకుందామన్నా కుదరదు కదా. ఈ బూట్లకి నకిలీలు చాలా ఏళ్లుగా ఉన్నాయి, బావమరిది తెస్తున్నాడంటే అదృష్టవంతుడివి.

---

లంబసింగి_చలి (సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 12:52)

రెండూ కుడి కాలివే 😂 సారీ బ్రో, నవ్వకూడదు, కానీ...

---

జలగల_దారి (సెప్టెంబర్ 11, రాత్రి 8:30)

బెంగళూరు నుంచి. చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లో ఎక్కువ పరిగెడతా, ఒకసారి మల్నాడ్ అల్ట్రా అనే దూరపు పరుగు కూడా చేశా, వేళ్ల బూట్లతో కాదు లెండి.

వాటితో నాకున్న భయం ముల్లు కాదు, ఎదురుదెబ్బ. మామూలు ట్రయల్ షూలో ముందు గట్టి రబ్బరు ఉంటుంది, రాయికి తన్నినా గుద్దు తెలుస్తుంది కానీ వేలు బతుకుతుంది. ఇందులో వేళ్లు విడివిడిగా ఉంటాయి. మరీ ముఖ్యంగా చిటికెన వేలు పక్కకి పొడుచుకుని ఉంటుంది, అదే పోయి పుల్లకో వేరుకో తగులుకుంటుంది. అలసిపోయాక కాలు ఎత్తడం తగ్గుతుంది, పదహారో కిలోమీటర్ దగ్గర ఇది జరుగుతుంది, రెండో కిలోమీటర్ దగ్గర కాదు. నాకు చిటికెన వేలు అలా విరిగి, పక్క వేలికి కలిపి టేప్ చుట్టి నెల తిరిగా.

మొరందారి బ్రో, నీ అసలు సమస్య వేళ్లు నొక్కుకుపోవడం కదా. దానికి వేళ్ల బూట్లే అక్కర్లేదు. ముందు భాగం వెడల్పున్న ట్రయల్ షూ తీసుకో. ఆల్ట్రా లోన్ పీక్ ఉంది, డ్రాప్ (మడమకీ ముందు భాగానికీ ఎత్తు తేడా) సున్నా, కానీ కింద 25 మిల్లీమీటర్ల మందం. లోపల ఇంజింజీ వేళ్ల సాక్స్ వేసుకుంటే వేళ్లు ఒకదానికొకటి ఒరుసుకోవు, బొబ్బలు రావు. ఇంకా పల్చగా కావాలంటే మెరెల్ ట్రయల్ గ్లవ్, జీరో మెసా ట్రయల్ లాంటివి ఉన్నాయి, వేళ్లన్నీ ఒకే గదిలో ఉంటాయి కానీ ఇరుకు తక్కువ.

---

కాలిపిక్క (సెప్టెంబర్ 11, రాత్రి 9:15)

జలగల దారి గారు చెప్పింది ఈ రన్‌కి సరైన దారి. అయితే లోన్ పీక్ కూడా సున్నా డ్రాపే, మెత్తగా ఉంది కదా అని పిక్కలకి తేడా తెలియదనుకోకండి. ఈ వారమే కొని, వారంలో రెండు చిన్న రన్‌లు దానితో, మిగతావి పాత షూతో చేయండి, మెల్లగా మార్చుకోండి. లేదంటే మీ పాత షూ మోడల్‌లోనే అర సైజు పెద్దది తీసుకుని, మడమ జారకుండా పై కన్నాల్లోంచి లేసు కట్టి చూడండి. గోళ్లు నల్లబడటం చాలామందికి అక్కడే ఆగిపోతుంది, పైసా ఖర్చు లేకుండా కాదు కానీ తక్కువలో.

వేళ్ల బూట్లు వచ్చాక: రెండు వారాలు ఇంట్లో, మేడ మీద నడక. తర్వాత మామూలు రన్ అయ్యాక చివర్లో అర కిలోమీటర్, వారానికి రెండుసార్లు. పిక్క పట్టేస్తే పర్లేదు. పాదం పైభాగాన వేలితో నొక్కితే ఒక్క చోట చురుక్కుమంటే మాత్రం ఆపేయండి, "వేడెక్కితే పోతుందిలే" అని పరిగెత్తకండి.

---

పాతకాపు (సెప్టెంబర్ 12, ఉదయం 7:25)

ఒక కేసు కూడా ఉంది కదా వీటి మీద? కాళ్లు బలపడతాయి, దెబ్బలు తగ్గుతాయి అని ప్రచారం చేశారని అమెరికాలో కోర్టుకి వెళ్లారు. 2014లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. నేను వట్టి కాళ్ల పక్షమే, కానీ అమ్మేవాడి మాట నమ్మే పక్షం కాదు.

నా ఓటు టైరు చెప్పులకి. మా ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లు వేసుకునేవి, పాత లారీ టైరు కోసి పట్టీలు కొట్టించినవి. సర్కారు తుమ్మ దిగదు, వేళ్లకి గాలి, నూటికి నూరు పాళ్లు సున్నా డ్రాప్. మెక్సికో కొండల్లో రరామురి అనే తెగవాళ్లు కూడా టైరు ముక్కతో చేసిన చెప్పులతోనే మైళ్లకు మైళ్లు పరిగెడతారు.

---

రాతిగుండు (సెప్టెంబర్ 12, ఉదయం 7:40)

కాపు గారూ, టైరు చెప్పు బరువు ఎప్పుడైనా తూచారా? కానీ ముల్లు విషయంలో మీ మాటకి తిరుగులేదు.

---

మొరందారి (డిసెంబర్ 2, రాత్రి 9:50)

చాలా రోజులైంది, ఏమైందో రాద్దామని వచ్చా.

రన్ లోన్ పీక్, వేళ్ల సాక్స్‌తో చేశా. 2:58. రోడ్డు హాఫ్ కంటే 48 నిమిషాలు ఎక్కువ, ఎక్కుళ్లలో నడిచా, ఏం సిగ్గు లేదు. గోళ్లు పదీ ఉన్నాయి. రాతిగుండు అన్న చెప్పినట్టు రూట్ అడిగితే పొలం గట్ల పక్కన మూడు కిలోమీటర్లు ఉందన్నారు, నిజంగానే అక్కడ కొమ్మలు కొట్టి దారి మీదే పడేశారు, నా సోల్‌లో రెండు ముళ్లు దిగాయి, కాలిదాకా రాలేదు. అదే వీ-ట్రయల్ అయితే నా పని అయిపోయేది.

వీ-ట్రయల్ దసరా అప్పుడు వచ్చింది. ఆరు వారాలు ఇంట్లో, మేడ మీద, తర్వాత కాలనీ పార్కు మట్టిలో అర కిలోమీటర్ చొప్పున. మొదటి వారం పిక్కలు రాళ్లయిపోయి కమోడ్ మీద కూర్చోవడానికి గోడ పట్టుకున్నా. ఇప్పుడు రెండు కిలోమీటర్లకి వచ్చా. మొన్న ఆదివారం అనంతగిరిలో గుడి వెనక ఎర్రమట్టి దారి మీద ఆ బూట్లు వేసుకుని నడుస్తుంటే, ఆవుల్ని తోలుకెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, కాసేపు నా కాళ్ల వైపే చూసి, "చేతులకేసుకునేటియి కాళ్లకేసుకున్నవేంది బిడ్డా?" అన్నాడు. కాపు గారూ, ఆయన కాళ్లకున్నవి టైరు చెప్పులే. ఫోటో తీసుకుంటానంటే వద్దన్నాడు.

ఒక్కటే కొత్త సమస్య. వాసన. మా ఆవిడ బూట్లని బాల్కనీలోంచి కూడా బయటికి పంపించింది.

---

మెట్టెల_రన్నర్ (డిసెంబర్ 3, ఉదయం 8:12)

2:58కి కంగ్రాట్స్!

ప్రతి రెండు మూడు రన్‌లకి ఒకసారి చల్లనీళ్లతో మెషీన్‌లో వేసేయండి, డ్రయ్యర్ వద్దు, ఎండలో వద్దు, జిగురు వదులవుతుంది. వేళ్లలో ఒక్కో దాంట్లో న్యూస్ పేపర్ ఉండ కుక్కి నీడలో ఆరబెట్టండి. పది వేళ్లు, పది ఉండలు. మా అత్తగారు టీవీ చూస్తూ చేసి పెడతారు.